మా మేనత్త వడ్డన

మొన్న ఆదివారం మడికొండలో మా అమ్మాయి ఫ్లాట్‌కు పోతే, భోజనాలయ్యాక టీవీలో ఏదో పరాయి దేశపు సినిమా పెట్టింది. మాటలు తక్కువ, కంచాలు ఎక్కువ. భర్తకు ఇంకొక ఆవిడతో సంబంధం ఉందని తెలిసిన భార్య ఏడవదు, కేకలు వెయ్యదు. విందు మీద విందు వండి, తినిపించి తినిపించే అతన్ని చంపుతుంది. కెమెరా పులుసు గిన్నె మీద పడితే రెండు నిమిషాలు కదలదు. మా అల్లుడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "కామెడీ అమ్మా, నువ్వేంది గట్ల గూసున్నవ్?" అంది అమ్మాయి. నిద్రొస్తాందని చెప్పాను. నిజానికి అటువంటి కథలో కొంత వడ్డన నేను నా చేతులతో చేశాను.

డిగ్రీ చదివిన రోజుల్లో వరంగల్‌లో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామయ్యది మిర్చి వ్యాపారం. తుమ్మకుండా ఒక మాట పూర్తిచేసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. మామయ్య భోజనప్రియుడు, కంచం ముందు కూర్చుంటే లోకంలో ఎవరితోనూ పేచీ లేని మనిషి. అటువంటాయన, సరుకు పని మీద వారానికి రెండుసార్లు తొర్రూరు పోయిరావడం మొదలుపెట్టాక, ఒకరోజు పచ్చిపులుసు కలుపుకుంటూ, "ఇండ్ల జర బెల్లం ఎయ్యరాదు, మంచిగుంటది," అన్నాడు. అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. పచ్చిపులుసులో బెల్లం వెయ్యడం మా ఇళ్లలో ఏనాడూ లేదు. ఆ బెల్లం వేసే చెయ్యి ఎవరిదో వారం తిరక్కముందే ఆమెకు తెలిసిపోయింది.

పోట్లాడుతుందనుకున్నాను. ఆమె వంట పెంచింది. మామయ్య తొర్రూరులో కడుపునిండా తిని వచ్చిన రోజున గుత్తివంకాయ, గారెలు, నెయ్యి ఓడే పోలెలు, అంటే బొబ్బట్లు. "పొద్దుగాల పోయిండ్రు, ఆకలైతలేదా? తినుండ్రి," అంటూ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. తిని వచ్చానని ఆయన చెప్పలేడు. చెబితే ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. చెమటలు తుడుచుకుంటూ రెండో భోజనం చేసేవాడు. "ఇంకో పోలె వెయ్యి బిడ్డా, మీ మామ మొహమాటపడుతాండు," అనేది అత్తయ్య. నేను వేసేదాన్ని. వంటింట్లోకి పోయి ఓణీ నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని కూడా. రెండేళ్లు ఇలాగే నడిచింది. మామయ్య చొక్కాలు రెండుసార్లు కొత్తవి కుట్టించారు. షుగర్ వచ్చిన సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కంచం ముందే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. "ఉప్పు బంద్, నూనె బంద్, తీపి బంద్. మెత్తగ జేసి చెంచాతోని తినిపియ్యాలె," అన్నాడు దవాఖానలో డాక్టరు. తొర్రూరావిడ ఒక్కసారి వచ్చింది, స్టీలు డబ్బా పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. అత్తయ్య ఆమెను ఎగాదిగా చూసి, "నేను ఇంటికి పోయి తానం జేసొస్త, జర కూసో. మింగుతలేడు, మెల్లగ తినిపియ్యి," అంది. నన్నూ వెంట తీసుకుపోయింది. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. డబ్బా మూత కూడా తియ్యకుండా బల్ల మీద ఉంది. తర్వాతెప్పుడూ రాలేదు.

అటుపైన పదకొండేళ్లు అత్తయ్య ఆ చప్పిడి గంజి కాచి, చల్లార్చి, చెంచాతో పెట్టింది. మూతి తుడిచింది. ఆయన పోయాక, కర్మలన్నీ ముగిసినరోజు, ఎన్నేళ్లుగానో నన్ను తినేస్తున్న మాట అడిగాను. "మనం గట్ల తినిపియ్యకుంటే మామ మంచిగుండేటోడా అత్తా?"

"ఉండునేమో," అంది. "కోపం రెండేండ్లే ఉండె బిడ్డా. వండుడే పదకొండేండ్లయ్యింది," అని గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

ఆ మాట అన్ననాడు ఆమెకెంత వయసో ఇప్పుడు నాకంత. కొన్ని మాటలు విన్నరోజున అర్థం కావు. వాటి మీద మన ఏళ్లు కూడా కొన్ని పేరుకోవాలి.