ఆ బియ్యం నావి కావు

నా పేరు హనుమక్క. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందన్నదానికి ఆధార్ కార్డుది ఒక మాట, మా అమ్మది ఒక మాట. పెనుకొండలో, కొండ కింద వీధిలో, కొడుకు, కోడలు, ఒక ఎనుము, నేను కాపురం ఉంటున్నాం. మొన్న గురువారం దాకా మా చెల్లెలు కూడా ఉండేది. గురువారం పొద్దున పోయింది.

చెల్లెలంటే తోడబుట్టింది కాదు. నా మరిది భార్య, మా అత్తింటికి చిన్నకోడలు. నేను పెద్దకోడలిని. ఇద్దరం ఒకే పొయ్యి ముందర ముసలివాళ్లమయ్యాం. ఆమె ఏసుప్రభువును నమ్మింది. నేను నమ్మలేదు. ఇది ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ ఆశ ఉండదు.

ఆ పొద్దు నేను చింతపండు కోసం హిందూపురం పోయి ఉన్నాను. కోడలు ఫోన్ చేసింది. "అత్తా, చిన్నత్తను లేపితే లేయలేదు" అని ఏడ్చింది. బస్సులో కూర్చుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లూ నాతో వాదులాడిన మనిషి, నేను ఊళ్లో లేని పూట చూసుకుని పోయింది. చివరి మాట కూడా ఆమెదే అయింది. బయలుదేరేటప్పుడు మంచంలోంచే అరిచింది: "ఈసారన్నా సూసి తేక్కా. పోయినసారి తెచ్చిందాంట్లో అంతా గింజలే." నేను జవాబు చెప్పకుండా బస్సుకు పోయాను. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను.

ఈ ఆదివారం ఆమె ఆదరణ కూడిక. పోయినామె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పాస్టరయ్య కబురు పంపాడు. నాకు చదువు రాదు. కూడికలో మీ అందరి ముందర చదవడానికి, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మంచి మాటలు చెబుతాను, అవి ఆమెకు బాకీ ఉన్నాను. కానీ ముందు ఒక తగువు తీరాలి.

సమాధి దగ్గర మీ సంఘపెద్ద లేచి అన్న మాటలు అందరూ విన్నారు. "ఈ సహోదరి మొదట్లో మంచి సాక్ష్యంతో నడిచింది. చివరి రెండేండ్లు చల్లబడిపోయింది, మందిరం గడప తొక్కలేదు. అయినా దేవుడు ఆ ఇంటిని విడిచిపెట్టలేదు. చిన్నామె చల్లబడితే పెద్దామెను లేపినాడు. వారం వారం కానుక బియ్యం మోసుకొచ్చే హనుమక్కే దీనికి సాక్షి" అని నా వైపు చెయ్యి చూపించాడు. అక్కడున్న ఆడవాళ్లంతా నా వైపు తిరిగి స్తోత్రం అన్నారు. అప్పుడు నా గుప్పిట్లో మట్టి ఉంది. దాన్ని సమాధి మీద వేయాలో ఆయన మీద వేయాలో కొంచెంసేపు తేల్చుకోలేకపోయాను.

మీలో ఎవరు పోయినా తలవైపు రాతి సిలువ సంఘమే నాటుతుంది. చల్లబడినవారికి నాటరట. మా చెల్లెలి మీద ఇప్పుడు ఉత్త మట్టి ఉంది. ఆ సిలువ నాటాలి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నా తగువు ఇదే.

మొదటినుంచి చెబుతాను. ఆమె పుట్టిల్లు ఆమడగూరు పక్క పల్లె. పెళ్లై వచ్చిన కొత్తలో మాతోపాటే అన్ని దేవుళ్లకూ మొక్కింది. ఒక్కగానొక్క బిడ్డకు జ్వరమొస్తే హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒక నర్సమ్మ ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. బిడ్డ దక్కలేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, నేను ఏసును నమ్ముకున్నానని పొయ్యి ముందర చెప్పింది. మా అత్త చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"బిడ్డను బతికించని దేవునితో నీకేం పనే?"

"బిడ్డ పోతానే అందురూ లేసి పోయిరి అత్తా. ఆయన లేసిపోలే. నా పక్కనే కూసోనుండె. ఇప్పుడు నేనెట్ల లేసిపోయేది?"

జవాబు దొరకనప్పుడు మా అత్త తిట్టేది. చాలా రోజులు తిట్టింది.

మీలో పిడికెడు బియ్యం అని ఒకటి ఉంది కదా. ఆడవాళ్లు ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం కానుకగా తెస్తారు. మా చెల్లెలు ఒక చిన్న మట్టికుండ తెచ్చి పొయ్యి మూలన పెట్టింది. ఆ ఇంట్లో గింజలు కొలిచేది నేను. కొలిచిన తర్వాత ఒక చెయ్యి వచ్చి తీసుకుపోతే ఊరుకుంటానా?

"ఇది అందరి గింజ. మీ దేవునికి పెట్టాలంటే నీవు తినే తట్టలోది పెట్టుకో పో" అన్నాను.

"సరే అక్కా" అంది. గొడవ పడుతుందనుకుని చీర కొంగు దోపుకున్నాను. దానికి పని పడలేదు.

ఆ రోజునుంచి పిడికెడు తీసేది, తినేటప్పుడు అంతమేర వద్దని చెయ్యి అడ్డం పెట్టేది. వడ్డించేది నేనే. చెయ్యి అడ్డం పెట్టినా ఆమె తట్టలో ముద్ద పెద్దదిగా పడేదని మా అత్త గొణిగేది. దానికి నేను చేసేదేమీ లేదు. మా ఇంటి గరిటె లోతు ఎక్కువ.

మాది వానను నమ్ముకున్న సేద్యం. ఒకనాడు వరి అన్నం, ఒకనాడు కొర్రన్నం, ఒకనాడు సంకటి. ఆ పూట పొయ్యిమీదికి ఏది పోతే దాంట్లోంచే పిడికెడు. అందుకని ఆమె కుండలో బియ్యం మీద కొర్రలు, కొర్రల మీద నూకలు ఉండేవి. కుమ్మరిస్తే అన్నీ కలిసిపోయేవి. ఒక్క రకం ఇవ్వవే, అవతల వండుకునేవాళ్లకు తిప్పలు అంటే, "మనం ఏం తిన్నామో ఆయనకు తెలియాల గదా" అనేది.

సమాధి దగ్గర పాస్టరయ్య ఆమెను సౌమ్యురాలు అన్నాడు. అది కూడా సరిచేయాలి. ఆమె గొంతు విప్పితే కొండమీది మేకలు తిరిగి చూసేవి. నాతో నేరుగా పోట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని, ప్రార్థనలో పోట్లాడేది. పొద్దున్నే ఎనుము దగ్గర కూర్చుని, నాకు వినపడేలాగా మొదలుపెట్టేది.

"ప్రభువా, మా అక్క నా సీరను ఎండలోంచి తీసి నీడలో ఏసింది. ఆమె మనసు మెత్తన చెయ్యి."

నేను వంటింట్లోంచి అరిచేదాన్ని. "సీర రంగు పోతాదని తీసినా. అది గూడా సెప్పు ఆయనకు."

"ప్రభువా, రంగు పోతాదని తీసిందంట. అది నీవే సూసుకో."

ఇలా మా ఇంటి తగవులన్నీ ఆయన దగ్గరికి పోయేవి. నేను నమ్మకపోయినా, జవాబు చెప్పకుండా ఉండలేను కదా, ఒక పక్షమే విని తీర్పు చెప్పేస్తే?

తర్వాత మా మరిది లారీ మీదినుంచి పడి చనిపోయాడు. దాని మీద రెండేళ్లు వాన లేదు. అప్పుడు ఆమె ధర్మవరం పోయి పట్టుదారం చుట్టే పనికి కుదిరింది. పండుగ చీరల కాలంలో యజమాని ఆదివారం కూడా రమ్మంటే, శనివారం రెండింతల పని చేసిపెట్టి ఆదివారం మందిరానికి పోయేది. వేళ్లు దారానికి కోసుకుపోయి ఉండేవి. ఒకసారి చూద్దామని నేను పోయాను. గదిలో ఒక చాప, ఒక స్టవ్వు, ఆ మట్టికుండ. పని లేని రోజులట. గంజి కాస్తోంది. కాసేముందు ఆ నూకల్లోంచి కూడా పిడికెడు తీసింది.

నాకు ఒళ్లు మండింది. "ఏమే, నీకే లేక గంజి తాగుతాండావు. ఆయనకేమన్నా ఆకలా?"

"ఆయనకు కాదక్కా. నాకే. ఈ పిడికెడు తీస్తే, ఇంగా ఇచ్చేంత ఉండాదిలే అనిపిస్తాది. తీయకపోతే ఆ పొద్దంతా లేనిదాన్నైపోతా."

ఆ రోజే మూట కట్టించి ఆమెను ఇంటికి పిలుచుకొచ్చాను. జాలితో కాదు. నేను లేనప్పుడు ఎనుము పాలు పిండేవాళ్లు లేరు.

ఆ ఎనుము సంగతి కూడా రాయమని కోడలికి చెప్పాను. మా చెల్లెలు పాట పాడుతూ పిండేది. ఎనుము ఆ పాటకు అలవాటుపడింది. రెండేళ్ల కిందట మా చెల్లెలు వాకిట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంది, మంచం పట్టింది. ఆ పొద్దునుంచి కోడలు పొదుగు పట్టుకుంటే చుక్క రాలలేదు. చివరికి మంచాన్నే కొట్టం వైపు తలుపు దగ్గరికి జరిపాం. ఆమె లోపల పాడేది, కోడలు బయట పిండేది. రెండేళ్లు, ఒక్క పూట తప్పకుండా. పక్కింటి మహబూబ్ బాషాను అడిగినా చెబుతాడు, ఆ పాటకే ఆయన లేచేవాడు. చల్లబడిన మనిషి పాటకు ఎనుము పాలిస్తుందా? ఆమె పోయిన మర్నాడు నేను పోయి, ఆ పాటలో ఏసు పేరు మింగేసి రాగం మాత్రం తీశాను. తన్నింది.

మరి మందిరానికి ఎందుకు రాలేదు? నడవలేక రాలేదు. మోసుకుపోతామని వచ్చినవాళ్లను ఎందుకు రానివ్వలేదు? అది సంఘపెద్దకు బాగా తెలుసు. తుంటి విరిగిన నెలలో ఆయన పలకరించడానికి వచ్చాడు. కుర్చీ వేశాం, కాఫీ ఇచ్చాం. కాఫీ తాగి అన్నాడు, "యాడో ఒప్పుకోని పాపమేదన్నా ఉంటే ఇట్ల జరుగుతాది సహోదరీ. ఆలోచన చేసుకో" అని.

మా చెల్లెలు మంచంలోంచి లేవలేదు కానీ గొంతు లేచింది. "ఏమప్పా, విరిగింది నా తుంటి. నా నమ్మకం కాదు. వాకిట్లో పాచి ఉండె, జారినా. పాపం ఉంటే పాచిది. ఇంగ పో."

ఆయన పోయాడు. మళ్లీ రాలేదు. ఆమె చల్లబడిందని ఆ రోజే తేల్చుకున్నట్టున్నాడు. అంత వేడిగా చెప్పినదాన్ని పట్టుకుని చల్లబడిందని ఎలా అనుకున్నాడో నాకు తెలియదు.

ఆమె మందిరానికి రాకపోయినా పిడికెడు ఆగలేదు. పూటపూటా కోడలు గింజల చేటను మంచం దగ్గరికి తీసుకుపోవాలి. ఆమె తన చేత్తో తీసి, తలాపున పెట్టుకున్న కుండలో వేయాలి. అప్పుడే పొయ్యి మీదికి. ఒకరోజు కోడలు మరిచిపోయి ఎసట్లో పోసేసింది. మా చెల్లెలు ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె ముట్టలేదని నాకూ ముద్ద పోలేదు. మేమిద్దరం తినలేదని కొడుకు కోడలి మీద అరిచాడు. ఆ తర్వాత ఎవరూ మరవలేదు.

ఆదివారం ఆ కుండ తీసుకుపోయేది ఎవరు? కొడుకు డ్యూటీకి పోతాడు, కోడలికి ఇంటిపని. నేనే పోయాను. గేటు దగ్గర బుట్టలో పోసి తిరిగొచ్చేదాన్ని. లోపలికి అడుగు పెట్టింది లేదు. మూడో వారానికి మీ ఆడవాళ్లు నాకు కుర్చీ వేశారు. తర్వాత పాస్టరయ్య ఏదో కాగితం ఇచ్చాడు, పాలగిన్నె మీద మూతకు సరిపోయింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఉంటే మీ మైకులో నా పేరు వినిపించింది. హనుమక్క రక్షణ కోసం అందరూ ప్రార్థన చేయాలట.

మా చెల్లెలు నవ్వింది. మంచం కిర్రుకిర్రుమనేట్టు నవ్వింది, తుంటి నొప్పి అంటూ మళ్లీ నవ్వింది. "ఇన్నేండ్లు నేను సెప్పి సెప్పి సేయలేనిది, నా బియ్యం సేసినాయి సూడక్కా."

"ఇప్పుడే పోయి సెప్పొస్తా, అవి నావి కాదని."

నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఇచ్చేది ఎవురో ఆ పెద్దమనిషికి తెలిసి ఏం గావల్ల? తెలియాల్సినాయనకు తెలుసు."

అందుకే రెండేళ్లు నోరు మూసుకున్నాను. ఇప్పుడు విప్పుతున్నాను. చెప్పవద్దని ఆమె అన్నమాట నిజమే. నేను ఆమె మాట ఎప్పుడు విన్నాను గనుక?

కాబట్టి సంఘపెద్దకు చెబుతున్నాను. కానుకల వేలంలో ఆ కలగలుపు బియ్యం ఎవరూ పాడకపోతే ప్రతిసారీ మీరే తీసుకునేవారట, మీ ఇంటామె కొర్రలు ఏరలేక విసుక్కునేదట. మీరు రెండేళ్లు తిన్నది ఆమె పిడికెడే. మంచంలో పడి, ఒక పక్కకే ఒత్తిగిలి, ఆ చేత్తో తీసింది. దేవుడు పెద్దామెను లేపలేదు. పెద్దామె తన కాళ్లమీద తానే లేచి మోసింది. నిలబడింది చిన్నామె, పడుకునే నిలబడింది. ఆ రాయి ఆమెకు నాటండి.

ఇంకొక్క మాట, ఆ కుండ గురించి. గురువారం ఆమె పోయేనాటికి అది సగం ఉంది. నేనే చూసి మూత పెట్టి, ఆమె మంచం తలాపునే ఉంచాను. నిన్న కోడలు మూత తీసి, "అత్తా, అంచుదాంక వచ్చిందే" అంది. తాను తీసి వేయలేదంది. నేనూ వేయలేదు. కొడుక్కి కుండ యాడుందో కూడా తెలియదు. ఎనుముకు చేతులు లేవు. దీని గురించి నన్నెవరూ అడగకూడదు.

ఆదివారం ఆ కుండ తెస్తాను. పైన ఉన్నవి కొర్రలు, నిన్న నేను ఎసటికి కొలిచినవి. బుట్టలో పోసేటప్పుడు ఎవరూ నా వైపు చూసి స్తోత్రం అనకూడదు. ఆ బియ్యం ఆమెవి.

చదివించి విన్నాను, చెప్పినట్టే ఉంది.

హనుమక్క ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
లక్ష్మీదేవి, కోడలు, రాసినది
మహబూబ్ బాషా, పక్కింటివాడు, పాట విన్నవాడు