ఆవకాయలోకి మా ఉప్పు

తెనాలిలో ఉప్పు ప్యాకెట్టు కత్తిరించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పిండిలా జారిపోయే ఆ పొడి కూడా ఒక ఉప్పేనా? ఉప్పంటే గుప్పిట పట్టగానే గుచ్చుకోవాలి. మా నాన్న పండించిన ఉప్పు అలా గుచ్చుకునేది. అది మంచి ఉప్పు మాత్రం కాదు. ఎందుకు కాదో కనిపెట్టింది నేనే. కనిపెట్టి ఊరుకున్నానా, అదీ లేదు.

మా ఊరు రేపల్లెకి దిగువన, పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు కాలువలోకి ఎక్కివచ్చే చోట. నాన్నకి ఆరు ఉప్పుమళ్ళు ఉండేవి. కాలువ నీళ్ళు మొదటి మడిలో పెడితే ఎండకి చిక్కబడతాయి. అక్కణ్ణుంచి రెండో దానిలోకి, మూడో దానిలోకి వదులుతారు. ఆఖరి మళ్ళని ముందే కాళ్ళతో తొక్కి తొక్కి గచ్చులా గట్టిపరుస్తారు. ఉప్పు పేరేది అక్కడే. పేరిన ఉప్పుని చెక్కపలక కట్టిన పొడవాటి కర్రతో గట్టు మీదికి లాగాక మడి అడుగున కాస్త నీరు మిగులుతుంది. ఎర్రగా ఉంటుంది, వేళ్ళకి నూనెలా జారుతుంది, నాలిక మీద పెట్టుకుంటే దానికన్నా వేపాకు నయం.

ఆ నీటిని మా వైపు ఎవరూ పారబోసేవాళ్ళు కాదు. తోడు నీళ్ళు అనేవాళ్ళు. తోడు వెయ్యకపోతే పెరుగు తోడుకోనట్టే, పాత నీరు లేకపోతే ఉప్పు పేరదని వాళ్ళ నమ్మకం. వానలు పడేముందు నాన్న ఆ నీటిని కుండల్లోకి ఎత్తి, మూతల చుట్టూ మట్టి మెత్తి, వసారాలో వరసగా పెట్టేవాడు. మళ్ళీ ఎండలు మొదలవగానే మళ్ళలో పోసి, దాని మీద కొత్త నీళ్ళు పెట్టేవాడు. ఆ తోడు వాళ్ళ నాన్న నాటి నుంచీ వస్తోందట. ఆ కుండల్ని మేం కాలు తగలకుండా దాటేవాళ్ళం.

ఆ ఉప్పు ఎర్రటి ఎండల్లో కూడా చెమ్మగిల్లి నీరు కారేది. బాపట్ల వైపు నుంచి ఎండుచేపల వాళ్ళ లారీలు వచ్చి పట్టుకుపోయేవి. అందరూ దాన్ని చేపల ఉప్పు అనేవాళ్ళు. ఆ మాట వింటే నాన్న మొహం మాడిపోయేది. చర్చిలో పాస్టరుగారు 'మీరు లోకానికి ఉప్పయి ఉన్నారు' అని ప్రసంగం చెప్పిన ఆదివారం మాత్రం తనని పొగుడుతున్నట్టే ముందు వరసలో ఛాతీ విరుచుకుని కూర్చునేవాడు. అవతలి వైపు ఆడవాళ్ళలో కూర్చున్న అమ్మ తల దించుకునేది.

ఎందుకు దించుకునేదో నాకు తెలుసు. ఏటా ఆవకాయ పెట్టేముందు అమ్మ రేపల్లె వెళ్ళేది. ఆవాలు, మిరపకాయలు, నువ్వులనూనె తెచ్చేది. సంచి అడుగున ఉప్పు కూడా ఉండేది. ఉప్పు పండించేవాడి పెళ్ళాం బజార్లో ఉప్పు కొనడం! కాపరానికి వచ్చిన మొదటి ఏడు మా ఉప్పే వేసి పెట్టిందట. పది రోజులు తిరక్కుండానే ఆవకాయ చేదెక్కింది. తడిచెయ్యి తగిలి పాడైందని నాన్నకి చెప్పి జాడీ మొత్తం గోతిలో పోసిందట. అప్పటి నుంచీ నాన్న మళ్ళకి వెళ్ళాక బజారు ఉప్పు దంచి కలిపేది. వీధి గుమ్మంలో నేను కాపలా.

నాన్న కొత్తావకాయ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏటా ఒకే మాట అనేవాడు.

"ఈ ఏడు మన ఉప్పు బాగా కుదిరిందే."

"అవునండి," అనేది అమ్మ, అన్నం గిన్నెలోకి చూస్తూ.

నాకు నవ్వొచ్చేది. కాస్త పెద్దయ్యాక నవ్వు పోయి జాలేసేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మాట నిజమైతే ఎంత బాగుండునని పిచ్చికోరిక పుట్టింది.

తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో రేపల్లె రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఒకరోజు కెమిస్ట్రీ మేడమ్ సముద్రపు నీళ్ళ గురించి చెప్పారు. నీటిలో కరిగినవన్నీ ఒక్కసారే పేరవట. ముందు సున్నం జాతివి అడుక్కి దిగుతాయి, తర్వాత ఉప్పు, చిట్టచివర మెగ్నీషియం లవణాలు. చేదూ చెమ్మా తెచ్చేవి ఆ చివరివే. నా కళ్ళ ముందు మా వసారాలో కుండలు వరసగా కనిపించాయి. అయ్యో దేవుడా, మేం తరతరాలుగా చేదుని దాచుకుని మళ్ళీ మళ్ళీ ఉప్పులో కలుపుకుంటున్నాం!

వేసవి సెలవులివ్వగానే నీళ్ళ చిక్కదనం చూసే గాజు గొట్టం ఒకటి మేడమ్‌ని బతిమాలి తెచ్చుకుని, నేరుగా మళ్ళ దగ్గరికి పోయాను.

"నాన్నా, తోడు నీళ్ళు పారబొయ్యాలి. చేదంతా అందులోనే ఉంది."

"ఏంటీ?"

"పారబోసి కొత్త నీళ్ళు పెట్టాలి. పేరిన ఉప్పుని బాగా చిక్కబడ్డ ఉప్పునీళ్ళతో కడిగి, కుప్ప పోసి, వారం రోజులు నీరు కారనివ్వాలి."

నాన్న పడీ పడీ నవ్వాడు. "ఉప్పుని కడుగుతారంటే పిచ్చిమొహమా! కడిగితే మిగిలేదేంటి, నీ చెయ్యా?"

చిక్కటి ఉప్పునీళ్ళలో ఉప్పు ఇంక కరగదని, చేదు మాత్రమే పోతుందని ఎన్ని రకాలుగా చెప్పానో! ఎక్కితేగా.

"తోడు లేకుండా పెరుగెలా చేస్తారో మీ కాలేజీలో కనుక్కునిరా, పో," అన్నాడు. "ఆ గొట్టం కన్నా మా నాన్న పాదాలకి ఎక్కువ తెలుసు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ అంతే, కావాలంటే మా ఆయన్ని అడగండి. నోటికొచ్చింది అనేశాను.

"అంత గొప్ప ఉప్పైతే అమ్మ ఆవకాయలో ఎందుకెయ్యదు? ఏటా రేపల్లెలో కొనుక్కొచ్చి వేస్తోంది. తెలుసా నీకు?"

అమ్మ అప్పుడే కేరియరు తెచ్చి గట్టు మీద నిలబడింది. ఆ మాట అమ్మ చెవిన కూడా పడింది. నాన్న నా వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పార తీసుకుని ఒక్కొక్క మడికీ గట్టు తెగ్గొట్టాడు. వాళ్ళ నాన్న నాటి ఎర్రనీరంతా మా కళ్ళ ముందే కాలువలో కలిసిపోయింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను గెలిచాననుకున్నాను, ఎంత మొద్దునో!

ఆ తర్వాత నాన్న నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. గొట్టం ముంచినప్పుడు "ఎంతుంది?" అని అడగడం తప్ప వేరే మాట లేదు. కొత్త నీరు చిక్కబడడానికి వారాలు పట్టింది. ఈలోగా ఊళ్ళో అందరూ ఆవకాయలు పెట్టేసుకున్నారు. కాయలు మెత్తబడుతున్నాయి.

"ఏంటొదినా, ఈ ఏడు మామిడిపళ్ళతో పెడతావా ఏంటి?" అని పక్కింటావిడ ఎగతాళి చేసింది.

"మా ఉప్పు రావాలమ్మా," అంది అమ్మ.

వచ్చింది. తెల్లగా, పొడిగా, పిడికిట్లో గలగలమంటూ వచ్చింది. అమ్మ దాన్ని వాకిట్లో, నాన్న ఎదురుగా కూర్చుని దంచింది. వీధి గుమ్మంలో కాపలా అక్కర్లేకపోయింది. మిగిలిన ఆఖరి కాయలు ఏరి తెచ్చి జాడీకెత్తింది.

మూడోనాడు జాడీ తిరగకలిపి కంచంలో వేసింది. నాన్న మొదటి ముద్ద పెట్టుకున్నాడు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. ఆవకాయ అద్భుతంగా ఉంది, నేనప్పటికే దొంగచాటుగా రుచి చూశాను. నాన్న నమిలాడు, మింగాడు.

"ముక్క మెత్తబడింది," అని మజ్జిగ పోసుకున్నాడు.

అంతే. ఆ మాట అనలేదు. జాడీ ఏడాది పొడుగునా చేదెక్కలేదు. మరుసటి ఏడు తెనాలి నుంచి పచ్చళ్ళు పెట్టేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి మా ఉప్పు తీసుకెళ్ళారు, చేపల ఉప్పనే మాటే పోయింది. అయినా ఏ వేసవిలోనూ నాన్న మళ్ళీ ఆ మాట అనలేదు. అమ్మ పోయేదాకా ఏటా గరిటె పట్టుకుని కాసేపు నిలబడుతూనే ఉంది.

అమ్మ పోయాక మళ్ళు రొయ్యల చెరువులయ్యాయి. కంటి ఆపరేషన్‌కి నాన్నని తెనాలి తీసుకొస్తూ, రైల్లో, కిటికీ పక్కన కూర్చోబెట్టి అడిగాను. ఇన్నేళ్ళూ గొంతులో ఇరుక్కుని ఉంది మరి.

"ఆ ఏడు ఉప్పు బాగా కుదిరింది కదా నాన్నా. ఒక్క మాట అనకపోయావా?"

నాన్న బయటికే చూస్తూ నవ్వాడు.

"మీ అమ్మ కొనుక్కొస్తోందని నాకు రెండో ఏడే తెలుసమ్మా. రేపల్లె కొట్టాయనే చెప్పాడు."

"మరి ఏటా మన ఉప్పు అనేవాడివి?"

"పాపం, ఆ మాట అనేదాకా బిక్కుబిక్కుమంటూ చూసేది. అన్నాక కూర్చుని అన్నం తినేది. అందుకని అనేవాణ్ణి. నువ్వు బయటపెట్టేశాక ఇంక ఎలా అనను? అంటే దెప్పినట్టుండదూ?" అన్నాడు.

రైలు దిగేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నాన్న కూడా లేడు. ఆ మళ్ళ ఉప్పు కాస్త నా దగ్గర ఒక డబ్బాలో ఉంది, ఇప్పటికీ పొడిగానే ఉంది. ఏటా కొత్తావకాయలో ఓ చిటికెడు కలుపుతాను. మొదటి ముద్ద మా ఆయన పెట్టుకుంటాడు, బాగుందంటాడు, పాపం మంచివాడే. నేను మాత్రం గరిటె పట్టుకుని ఇంకాసేపు అక్కడే నిలబడతాను.