ఎర్రమట్టి అలలు

నీలం రంగు డబ్బా మూత తీయగానే నూనె వాసన గుప్పుమంటుంది, నాకు గుండెల్లో దడ మొదలవుతుంది. సముద్రాల బొమ్మలు వేసి బతికేదాన్ని, నీళ్లంటే భయమని చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు మా సుగుణ టీచర్‌ని ఎరగరు.

బూర్గంపాడులో మా బడికి డ్రాయింగు చెప్పడానికి ఆమె గోదావరి అవతలి భద్రాచలం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా గోదావరి ఊళ్లోకి వచ్చింది. రెండు రోజులు డాబా మీదే ఉన్నాం. మా కళ్ల ముందే పక్కింటి గేదె కట్టుతాడుతో సహా కొట్టుకుపోయింది. దాని అరుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోదు. బడి తెరిచిన వారానికి టీచర్ సముద్రం వేయమన్నారు. మాలో ఒక్కరూ సముద్రం చూడలేదు. పెద్ద నీళ్లంటే మాకు తెలిసింది వరదే కాబట్టి, క్లాసు క్లాసంతా నీలం ముట్టకుండా ఎర్రమట్టి రంగు కలిపేశాం. ఆమె తప్పని అనలేదు.

నా దగ్గర మాత్రం ఆగారు. నేను సన్నకుంచెతో వంకీలు వంకీలుగా, ముద్దుగా వేశాను.

"గివి అలలా, చీర అంచా?"

"అలలే టీచర్."

"భయమైతుందా?"

"అవ్."

"అయితే గా భయమే వెయ్యి. ముద్దుగ వెయ్యకు."

సన్నకుంచె లాక్కుని, గోడలకు సున్నం వేసే కుంచె నా చేతిలో పెట్టారు. పాత చార్టు నేల మీద పరిచారు. రంగు లాగిన కొద్దీ నీళ్లు లేచి నా మీదికే వస్తున్నట్టయి ఏడ్చేశాను. "ఆపకు. నీ యెనక నేనున్న," అన్నారు. ఏడుస్తూనే వేశాను. కింద నలుపు పులిమాను, పైన తెలుపు వేళ్లతో రాశాను. చూస్తే ఒళ్లు జలదరించింది. కానీ అవి నీళ్లే.

ఆమె రిటైరైన రోజున వెళ్లి, మీరు సముద్రం చూశారా అని అడిగాను.

"యాడ బిడ్డా. చిన్నప్పుడు మా చెల్లె గోదాట్ల కొట్టుకపోయింది. గప్పటి సంది నీళ్ల దిక్కు చూడ. బస్సు బ్రిడ్జి ఎక్కంగనే కండ్లు మూసుకుంట."

మా బడికి రావాలంటే ఆమెకు ఆ బ్రిడ్జి తప్ప దారి లేదు. ముప్పై ఏళ్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చార్టుల మీద మా వరదనంతా ఎలా చూశారో అడగలేకపోయాను.

ఇప్పుడు ఆమె లేరు. నా భయం పోలేదు, పోతుందన్న ఆశా లేదు. కుంచె ముంచే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాను, ఆమె కోసం. ఆ తర్వాత తెరిచి, చూస్తూనే వేస్తాను.