గోదారి కొబ్బరి డాట్ కామ్

మొన్న రావులపాలెం నుంచి వస్తుంటే కొత్తపేట సెంటర్లో బస్సు ఆగిపోయింది. అరటి గెలల లారీ ఒకటి వచ్చి మా పక్కనే నిలబడితే, దాని వెనక చెక్క మీద పసుపు రంగుతో ఎవరిదో వ్యాపారం పేరు, ఆ చివర డాట్ కామ్ అని కనిపించింది. ఇప్పుడది ఎవరికీ వింత కాదు. నాకు మాత్రం ఆ రెండు మాటలూ చదవగానే మా ఆయన మొహమూ, పాతికేళ్ళ కిందటి వానాకాలపు మధ్యాహ్నాలూ కళ్ళ ముందుకొచ్చి, బస్సు అమలాపురం చేరాక కండక్టరు పిలిచేదాకా దిగాలన్న ధ్యాసే లేకపోయింది.

అమలాపురంలో మాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయరూ హయ్యరూ పాసైతే ఉద్యోగం గుమ్మంలోకి వచ్చినట్టేనని మనమందరం నమ్మిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. నేను పాఠం చెప్పేదాన్ని, ఆయన మెషిన్లు బాగుచేసేవారు. మా తాతలు పరాయి చేలల్లో కూలికెళ్ళినవాళ్ళు, మా నాన్నగారు మిషను బళ్ళో మాస్టారు. మా అమ్మాయి పది వేళ్ళూ పది ఉద్యోగాల పెట్టు అని నాన్నగారు చర్చి దగ్గర కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవారు. రెండువేల సంవత్సరం దాటేసరికి ఆ చప్పుడంతా సద్దుమణిగింది. మెషిన్ల మీద గుడ్డలు కప్పేసి, రెండు కంప్యూటర్లు కొని, ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు పెట్టుకున్నాం. ఫోను లైను కలిసేముందు మోడెం కూసే కూత, ఒక్కో పేజీ పైనుంచి కిందకి నెమ్మదిగా, గోడ మీద వాన నీరు దిగినట్టు దిగడం, అది దిగేలోపు వచ్చినవాళ్ళంతా ఒకరి సంగతులు ఒకరికి చెప్పుకోవడం, ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే కలలో జరిగినట్టే ఉంటాయి.

ఆ రోజుల్లోనే మా ఆయనకి పేర్ల మీద మోజు పుట్టింది. ఇంటర్నెట్లో పేర్లు కూడా ఖాళీ స్థలాల లాంటివనీ, ఏడాదికింత రుసుము కట్టి మన పేరున రాయించుకుంటే రేపు కావలసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కొంటారనీ పేపర్లో చదివి, హైదరాబాదులో ఉన్న తన తమ్ముడి క్రెడిట్ కార్డు మీద ఒక పేరు రాయించారు. గోదారి కొబ్బరి, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా. మా మామగారు గోదారి లంకలో కొబ్బరి పీచుతో తాళ్ళు పేనిన మనిషి. ఆ తాడు పేనుతున్న ఫోటో ఒకటి, కాయలు నింపిన పడవ ఫోటో ఒకటి పెట్టి ఆయనే స్వయంగా ఒక పేజీ తయారుచేసి, సెంటర్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవారు.

సెంటర్ అంతంతమాత్రంగా నడుస్తుండగానే, మాకు అద్దెకిచ్చిన మేడగలాయన గది ఖాళీ చెయ్యమన్నారు. వేరే చోటికి మారాలంటే ముందు చేతిలో ఏదైనా ఉండాలి. మనసు కష్టపెట్టుకుంటూనే, ఈ పేరు అమ్మబడును అని ఫోటోల కింద ఒక ముక్క చేర్చారు. నెల తిరక్కుండానే ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది.

అది బుధవారం. బుధవారమని ఎందుకు గుర్తంటే మా మేనత్త వచ్చే రోజు అదే. అత్తయ్య పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంటచేసి, ఉప్పలగుప్తంలో చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడింది. అక్కడ తన చేతుల మీద పెరిగిన పిల్లకి వారం వారం ఉత్తరం రాయించడానికి బస్సెక్కి మా దగ్గరికి వచ్చేది. ఆవిడ తెలుగులో చెబుతుంటే, మధ్య మధ్య వచ్చే అరబ్బీ ముద్దుమాటల్ని అలాగే ఉంచి, నేను ఇంగ్లీషులో కొట్టేదాన్ని.

విదేశంలో ఒక పెద్దమనిషి తరఫున రాస్తున్నానంటూ వచ్చిన ఆ ఉత్తరాన్ని మా ఆయన నిలబడే చదివారు. పేరు చాలా బాగుందట, వెంటనే కొంటారట. ఎంతకన్నది ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజు అది విని నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. కావలసిందల్లా ఆ పేరు అంత విలువ చేస్తుందని ఒక సర్టిఫికెట్. అది కూడా కొనేవాళ్ళు చెప్పిన చోటే తీసుకోవాలి, రుసుము ముందు మేమే కట్టాలి, తర్వాత ధరలో కలిపి ఇచ్చేస్తారు. మూడు రోజులే గడువు. మా ఆయన వెంటనే ఆ సర్టిఫికెట్ వాళ్ళకి రాస్తే, గంట తిరక్కుండా రుసుమెంతో చెబుతూ జవాబు కూడా వచ్చేసింది.

అత్తయ్య అంతా చెప్పించుకుని, మెల్లగా అంది.

"అల్లుడుగారూ, ఆ కాయితం ఇంకో చోట రాయించుకొస్తే ఒప్పుకుంటాడేమో అడగండి."

"ఎందుకండీ అత్తయ్యగారూ? కొనేవాడికి ఏది కావాలో అదే ఇద్దాం."

"కువైట్ పోదామని నేను మొదటిసారి బొంబాయి వెళ్ళినప్పుడు ఏజెంటు ఇలాగే అన్నాడండి. మెడికల్ ఫలానా డాక్టరు దగ్గరే చేయించుకోవాలన్నాడు. చేయించేను. అది చెల్లదని ఇంకోటన్నాడు, అదీ చేయించేను. తీరా చూస్తే ఆ డాక్టరూ ఈయనా ఒకే లాడ్జీలో ఒకే గదిలో ఉంటున్నారు. చెవులకున్నవి కూడా తీసిచ్చేసి, బోసి చెవులతో తిరిగొచ్చేను. రెండోసారి ఇంకో ఏజెంటుని, కాకినాడ పెద్దాసుపత్రిలో చేయించుకొస్తానండీ అని అడిగేను. ఆయ్, అలాగే తెచ్చుకోమ్మా అన్నాడు. ఆయన చేతుల మీదుగానే కువైట్ వెళ్ళేను."

మా ఆయనకి కోపం వచ్చింది. అత్తయ్యని ఏమీ అనలేక నా వైపు తిరిగి, సరేనని జవాబు కొట్టమని చెప్పి, కార్డు సంగతి తమ్ముడితో మాట్లాడడానికి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళిపోయారు.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన చెప్పిన ఉత్తరం చెప్పినట్టే కొట్టాను తప్ప ఒక మాట మార్చి ఎరగను. ఆ రోజు మాత్రం నా వేళ్ళు అత్తయ్య మాట విన్నాయి. వేరేచోట తీసుకున్న సర్టిఫికెట్ పనికొస్తుందా, లేదా ఆ రుసుము మీరే కట్టి ధరలో తగ్గించుకుంటారా అని రెండే వాక్యాలు రాసి పంపేశాను. ఆయనకి చెప్పలేదు.

తమ్ముడు శనివారం కడతానన్నాడట. ఆ రెండు రోజులూ వాన. కరెంటు వచ్చేది, పోయేది. ఆయన కొత్త గది ఎక్కడ తీసుకోవాలో, మా మామగారి ఫోటో ఏ గోడకి పెట్టాలో చెబుతూ ఉత్సాహంగా తిరుగుతుంటే నాకు ఒకటే భయం. నిజంగా కొనే మనిషినే నేను పోగొట్టి ఉంటే?

శనివారం జవాబొచ్చింది. ఎక్కడ పడితే అక్కడి కాగితం చెల్లదట, మీకు అమ్మే ఉద్దేశమే లేనట్టుందట, రేపటిలోగా కట్టకపోతే ఇంకొకరి పేరు కొనుక్కుంటారట. అది చదువుతుంటే నా కళ్ళు మాటల మీద నిలవలేదు. కామాకి ముందు ఒక ఖాళీ. ప్రతి కామాకీ. వాక్యం ఆగిన చుక్క తర్వాత మాత్రం ఖాళీ లేదు. ఇరవయ్యేళ్ళుగా పిల్లల కాగితాలు దిద్దినదాన్ని, వేళ్ళకి కూడా దస్తూరీ ఉంటుందని నాకు తెలుసు. సర్టిఫికెట్ వాళ్ళు రాసిన ఉత్తరం తెరిచాను. అదే ఖాళీ, అదే చుక్క. రిసీవ్ అన్న మాటలో రెండు ఉత్తరాల్లోనూ అవే అక్షరాలు తారుమారు. ఒకరికొకరు సంబంధం లేనట్టు రాసిన ఇద్దరివీ ఒకే చేతి రాతలు.

రెండింటినీ ప్రింటు తీసి, తప్పులన్నిటి కిందా ఎర్ర సిరాతో గీతలు గీసి, ఆయన రాగానే చేతిలో పెట్టి, నేను చేసిన పని కూడా చెప్పేశాను. ఆయన చాలాసేపు చదివారు.

"అయితే నేను చెప్పింది నువ్వు రాయలేదన్నమాట."

"లేదండి."

తర్వాతి బుధవారం ఆయన చెప్పాపెట్టకుండా బస్టాండుకి వెళ్ళి, అత్తయ్య సంచీ తన సైకిలుకి తగిలించుకుని, ఆవిడతో పాటు నడుచుకుంటూ వచ్చారు.

సెంటర్ నిలబడలేదు. బోర్డు దించి మెషిన్లు ఇంటి అరుగు మీదకి చేర్చాం. రెండేళ్ళ తర్వాత తమిళ దేశపు కొబ్బరి వ్యాపారి ఒకాయన ఆ పేరు కోసం ఫోను చేస్తే, మా ఆయన కోర్టులో ప్లీడరులా అడగని ప్రశ్న లేదు. ఆ వ్యాపారి సర్టిఫికెట్ ఊసెత్తలేదు. డబ్బు ముందు ఇద్దరికీ తెలిసిన మధ్యవర్తి కంపెనీలో వేస్తానన్నాడు, వేశాడు. అది అందిందని ఆ మధ్యవర్తిని మేమే స్వయంగా అడిగి తెలుసుకున్నాకే పేరు బదిలీకి తాళంచెవి లాంటి రహస్య అక్షరాలు ఆయనకి పంపాం. అంతా సవ్యంగా జరిగింది. వచ్చినది మొదటివాడు ఆశపెట్టినదాంట్లో ఏ మూలకీ రాదు.

వారం పోయాక మా ఆయన ఆ పేరు కొట్టి చూశారు. పేజీ నెమ్మదిగా దిగింది. ఎవరివో కొబ్బరి నూనె సీసాలు. తాడు పేనుతున్న మా మామగారు లేరు.

"మోసపోలేదు కదా, మరి ఇలా ఉందేమిటే నాకు?" అన్నారు.

అత్తయ్య పోయి పదేళ్ళు దాటింది, మా ఆయనా వెళ్ళిపోయారు. ఇంగ్లీషు అక్షరం రాని మా అత్తయ్య పక్కన కూర్చుంది గనుక ఆ ఉత్తరం ఆవిడదీ అయింది. అప్పట్లో ఒకరి ఉత్తరం నలుగురం చదువుకునేవాళ్ళం. అందులో రహస్యమూ ఉండేది కాదు, సిగ్గూ ఉండేది కాదు. ఇప్పుడు అన్నీ అరచేతిలోకే వస్తున్నాయి, వచ్చిన క్షణానే జవాబు అడుగుతున్నాయి. నాకూ వస్తుంటాయి, బహుమతులనీ, గడువులనీ. చదివి, అలవాటు కొద్దీ పక్కకి తిరిగి, ఏమంటారండీ అని అడగబోతాను.