గడప దాటాక

మా ఇంట్లో వేటకు వెళ్ళేవాళ్ళని వెనకనుంచి పిలవరు. మంగినపూడి పక్కన మా పేటలో ఏ ఇంట్లోనూ పిలవరు. అన్నం క్యారేజీ మరిచిపోయినా సరే, గడప దాటాడంటే ఆకలితోనే సముద్రం మీదికి వెళ్ళాలి. మా నాన్న ఒకసారి అలాగే కళ్ళజోడు లేకుండా వెళ్ళి, వలా నీళ్ళూ ఒకే రంగులో కనబడ్డాయని వచ్చి చెప్పి నవ్వాడు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను విల్లు పట్టాను. అదీ జట్టు పోటీల్లో. ముగ్గురు ఆడపిల్లలం ఉంటాం. బాణం వేసే ఆమె ఒక్కతే ముందుకెళ్ళి నిలబడుతుంది. మిగతా ఇద్దరం వెనకుండి గాలి ఎటు తిరిగిందో, టైమెంత ఉందో చెబుతూనే ఉంటాం. మొదటిసారి ఫోన్లో నా ఆట చూసిన అమ్మకి ఒళ్ళు జలదరించిందట. బాణం వేసేదాన్ని వెనకనుంచి పలకరించడమేమిటని రెండు రోజులు సణిగింది. గాలి చెప్పే మనిషి లేకపోతే పడవైనా ఎటు పోతుందని నాన్న నన్ను వెనకేసుకొచ్చాడు. బందరు నుంచి గుడివాడ గ్రౌండుకి బస్సుల్లో నన్ను తిప్పిందీ ఆయనే. తిరిగొచ్చేటప్పుడు నా భుజం నొప్పి నాకంటే ఆయనకే ఎక్కువగా ఉండేది.

విదేశంలో పోటీకి నేను బయల్దేరిన పొద్దున నాన్న మంచం దిగలేదు. గ్యాస్ పట్టేసింది, రాత్రి తిన్న రొయ్యల వేపుడు పడలేదు అన్నాడు. ముఖం నిండా చెమట. ఉక్కపోత రోజులు, అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి. కాళ్ళకు దండం పెట్టి ఆటో ఎక్కాను.

ఆ సాయంత్రమే బందరు ఆస్పత్రిలో ఆయన పోయాడు.

నాకెవరూ చెప్పలేదు. ఆసారి మా జట్టుకి రిజర్వులో ఇంకో అమ్మాయి లేదు. ముగ్గురిలో ఒకరు వెనక్కి తిరిగితే మిగతా ఇద్దరూ ఆడలేరు. మా బాబాయి కోచ్ గారికి ఫోన్ చేసి, ఆట అయ్యేదాకా దాచమన్నాడట. నేను ఇంటికి ఫోన్ చేస్తే, నాన్న వేటకెళ్ళాడు, సిగ్నల్ అందదు అనేవాళ్ళు. వేట మనిషి ఇంట్లో ఇంతకంటే నమ్మదగిన అబద్ధం ఉండదు.

కంచు పతకం కోసం ఆడిన ఆట సమానమైంది. ఇక తలా ఒక్క బాణం. చివరిది నాది. గాలి లేదు, వేసెయ్ అని వెనకనుంచి ఒకామె చెప్పింది. వేశాను. గెలిచాం. వాళ్ళిద్దరూ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే సంతోషమనుకున్నాను. వాళ్ళకి ముందే తెలుసు. కోచ్ గారు కుర్చీ జరిపి కూర్చోమన్నారు, ఆ తర్వాత చెప్పారు.

పెద్దకర్మ నాటికి ఇల్లు చేరాను. ఎవరో నా పతకం తీసి నాన్న ఫోటోకి తగిలించారు. ఒళ్ళు మండి లాగేశాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మేనత్త అసలు సంగతి బయటపెట్టింది. నోరు జారి కాదు, కావాలనే. నేను ఆటో ఎక్కుతుండగా నాన్నకి నొప్పి ఎక్కువైంది. దాన్నొక్కసారి పిలువు, చూస్తాను అని అమ్మనడిగాడట. అమ్మ వీధిలోకి పరిగెత్తింది. ఆటో ఇంకా మలుపు తిరగలేదు. కానీ గడప దాటిన పిల్లని, అంత దూరం వెళ్ళేదాన్ని, వెనకనుంచి ఎలా పిలుస్తుంది? నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయిందట. మా అన్నకి కూతురి చివరిచూపు కూడా దక్కనివ్వలేదని మేనత్త పదిమందిలో అనేసింది.

ఆ రోజు నుంచి అమ్మకి ముద్ద దిగలేదు. నేనూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. కోపం లేదని ఎలా చెప్పను? ఉంది. నాన్న నన్ను చూడాలనుకున్నాడు, అమ్మ అరిస్తే వినబడేంత దూరంలోనే నేను ఉన్నాను.

ఒకరోజు పెరట్లో ఎండుచేపలు తిరగేస్తూ, తలెత్తకుండా అమ్మ అడిగింది.

"నే పిలిస్తే ఆగేదానివేంటే?"

ఆగేదాన్ని. బ్యాగు రోడ్డు మీద పడేసి పరిగెత్తుకొచ్చేదాన్ని. విమానం, జట్టు, పతకం, ఏవీ గుర్తుండేవి కావు. కానీ గాజులు తీసేసిన ఆ చేతులు చూశాను. ఎముకలు తేలిపోయి ఉన్నాయి. నిజం చెబితే ఈ మనిషి కూడా నాకు దక్కదనిపించింది.

"ఆగేదాన్ని కాదమ్మా," అన్నాను. "టైమైపోయింది. అక్కడ ఇద్దరు నాకోసం చూస్తున్నారు."

అమ్మ కాసేపు చేపలు తిరగేసింది.

"నేనూ అదే అనుకున్నాలే," అంది.

ఆ పూట అన్నం తింది. నా పక్కన కూర్చుని, మారు పెట్టించుకుని మరీ తింది. చూసి నా ప్రాణం కుదుటపడింది. కానీ చావుబతుకుల్లో ఉన్న నాన్న పిలిచినా ఆగని కూతురినని అమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మేసింది. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.