పిడి లోపలి తుప్పు

జపాన్‌లో కత్తులకు పేరుపడ్డ మా ఒసాఫునె ఊళ్లో సోయా గింజలతో టోఫు చేసి అమ్మే ఇసోనో అక్క భర్త కోసం పద్దెనిమిదేళ్లు ఎదురుచూసింది. ఆయన, బడిపంతులు మియాకే సేయిజో, తాతల నాటి కత్తి నడుముకు కట్టుకుని బర్మా యుద్ధానికి వెళ్లాడు. పోయాడని కాగితం వచ్చింది కానీ ఎముక ముక్కయినా రాలేదు. "కళ్లతో చూసినవాళ్లు లేరుగా, నేనెందుకు నమ్మాలి?" అనేది అక్క. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. ఆ మాట విన్న రోజు మాత్రం టోఫు ఓ ముక్క ఎక్కువ కొనుక్కుని వచ్చేసేదాన్ని.

ఆ పద్దెనిమిదో ఏడు చలి తగ్గుతుండగా మా ఊరికి ఒక కత్తి వచ్చింది. చనిపోయిన జపాన్ సైనికుడి నడుం నుంచి తీసుకున్న తెల్లవాడెవరో, ఉంచుకోవడానికి మనసొప్పక తిప్పి పంపాడట. దానికి కట్టిన చీటీ మీద మా ఊరి పేరు, మియాకే అన్న ఇంటిపేరు మాత్రమే ఉన్నాయి. మా ఊళ్లో సగం మంది మియాకేలే.

కత్తులకు సాన పట్టడం, వాటి వయసు చెప్పడం మా ఆయన పని. ఎవరిదో తేల్చమని దాన్ని ఆయన ముందు పెట్టారు. అక్క ఆయన ఎదురుగా కూర్చుంది.

"తమ్ముడూ, ఇది ఆయనది కాదని చెప్పు. ఇంకేమీ అడగను."

"ముందు చూడనీ అక్కా."

వెదురు మేకు కొట్టి పిడి ఊడదీశాడు. పిడిలో దాగి ఉండే మొదలు చూసి మొహం చిట్లించాడు.

"వింతగా ఉందే. కత్తి అలుగు చూస్తే నాలుగు వందల ఏళ్లది. మొదలు తుప్పుకేమో ఇరవై ఏళ్లు కూడా లేవు. బుద్ధిలేనివాడెవడో తోమేశాడు."

కత్తి వయసు చెప్పేది ఆ తుప్పే. కత్తుల పని చేసే ఇళ్లలో పిల్లలు కూడా దాన్ని ముట్టరు. "ఏ మొద్దు చేసిన పనో" అని నేనూ ఓ మాట విసిరాను.

అక్క ముందుకు వంగి ఆ మొదలు చూసింది.

"నేనే తోమాను."

అప్పటికి ఆమె సముద్రపు ఒడ్డు ఊరి నుంచి కాపురానికొచ్చి నాలుగు నెలలే, కత్తుల సంగతి తెలీదు. సైన్యంలోకి తీసుకెళ్లేందుకు కొత్త పిడి బిగించాలని ఆయన విప్పిపెట్టిన కత్తికి తుప్పు కనిపిస్తే, బూడిద వేసి గడ్డితో రుద్దిందట.

"ఆయన వచ్చి చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'బాగా మెరుస్తోంది' అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను, ఇన్నేళ్లూ."

మా ఆయన తల దించుకున్నాడు. అక్క కత్తిని ఒళ్లోకి తీసుకుని ఆ మొదలు మీద చెయ్యి వేసింది.

"తెలిసీ ఒక్క మాట అనలేదు" అంది. "ఒక్కసారి వచ్చి తిట్టి వెళ్లమను తమ్ముడూ. ఇంకేమీ వద్దు నాకు."