విషం కలిపే మౌలా

ముత్తుకూరులో దర్జీ కొడుకుగా పుట్టిన మౌలా, పందొమ్మిదో ఏట మద్రాసు వెళ్లి ఒక స్టూడియోలో వేషాలకు బట్టలు కుట్టే పనిలో చేరాడు. ఒకరోజు నౌకరు వేషం వేయాల్సిన మనిషి రాలేదు. బొత్తాలు కుడుతున్న మౌలాను దర్శకుడు చూశాడు. లోతు కళ్లు, ఎదుటివాడి మీద నిలవకుండా పక్కకు జారే చూపు.

"పాలగ్లాసులో పొడి కలిపి తలుపు దగ్గర నిలబడు. మాట్లాడొద్దు" అన్నాడు.

మౌలా పొడి కలిపి, వేలు పంచెకు తుడుచుకున్నాడు. తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు. ప్రేక్షకులకు గుర్తుండిపోయింది మాత్రం అదే.

తర్వాత ఇరవై ఏళ్లలో నూట పది సినిమాలు. బావిలో విషం పోశాడు, కారు బ్రేకులు కోశాడు, కోర్టులో దొంగసాక్ష్యం చెప్పాడు. పెళ్లి కుదిరాక ఒక సినిమా చూసి పెళ్లికూతురు నూర్జాన్ తండ్రి సంబంధం వద్దన్నాడు. "వేషం చూసి మనిషిని తూకమేస్తారా?" అని ఆ పిల్లే తండ్రిని నిలదీసి మౌలాను చేసుకుంది. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినప్పుడు మౌలా అటు పోకుండా ఊరికొచ్చి కుట్టుమిషను పెట్టుకున్నాడు.

నిరుడు వానాకాలంలో విజయభాస్కర్ రొయ్యల గుంటలో సరుకంతా తెల్లారేసరికి చచ్చి తేలింది. కాపలా ఉండే హజరత్తయ్య, "తెల్లారగట్ల ఆ సినిమా ముసలాయన సీసా పట్టుకోని కట్టమీద తచ్చాడతా ఉన్నాడు. నా కళ్లతో చూసినా" అన్నాడు. సాయంత్రానికి, మౌలా బావిలో విషం పోసే పాత సీను ఊళ్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పక్కింటి పెంచలమ్మ వచ్చి కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డ వెనక్కి తీసుకుంది. "తొందరేం లేదులే సాయిబూ, మళ్లీ ఇస్తా" అంటూనే, వాకిట్లో ఉన్న తన నీళ్లబిందె మీద మూత పెట్టింది.

మర్నాడు స్టేషనుకు పిలిచారు.

"సీసాలో ఏముండింది పెద్దాయనా?" ఎస్సై అడిగాడు.

"నీళ్లు సార్. షుగరుంది. పొద్దున నడకకు పోతే నోరెండిపోద్ది."

"మరి నా మొహం చూసి చెప్పరేం?"

మౌలా సూటిగా చూడబోయాడు. ఎంత ప్రయత్నిస్తే చూపు అంత దొంగగా పక్కకు పోయింది. నిజం చెబుతున్నా తాను నటిస్తున్నట్టే ఉందని ఆయనకే అనిపించింది. అలవాటుగా వేలు పంచెకు తుడుచుకున్నాడు. అదీ ఎస్సై గమనించాడు.

ఇంటికొచ్చిన మొగుడి వాలకం చూసి నూర్జాన్ నేరుగా విజయభాస్కర్ దగ్గరికి పోయింది. "నీళ్లూ రొయ్యలూ నెల్లూరు ల్యాబుకు పంపించబ్బయా. విషముందంటే మేమే ఊరొదిలి పోతాం" అంది.

వారానికి కాగితం వచ్చింది. విషం లేదు, ఆక్సిజన్ అందక చచ్చాయి. విజయభాస్కర్ గట్టిగా అడిగేసరికి హజరత్తయ్య ఏడ్చేశాడు. ఆ రాత్రి కరెంటు పోయి, నీళ్లను చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. జనరేటరు వేయాల్సిన తను నిద్రపోయాడు. "పని పోద్దని భయమేసినాది. ఆయన పేరు చెప్తే ఎవరైనా నమ్ముతారనుకున్నా సార్."

విజయభాస్కర్ మౌలా ఇంటికొచ్చి తప్పయిందన్నాడు. నూర్జాన్ టీ ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు.

"పెట్టింది నేనబ్బయా, ఆయన కాదు."

సిగ్గుతో ఒక్క గుక్కలో తాగేసి నాలుక కాల్చుకున్నాడు. లేస్తూ, హజరత్తయ్యను పనిలోంచి తీసేస్తున్నానని చెప్పాడు.

"తీసెయ్యబాక. వాడికింకేం కష్టమొచ్చినా మళ్లీ నా పేరే చెప్తాడు" అన్నాడు మౌలా.

అది జాలితో అన్నాడో, భయంతో అన్నాడో విజయభాస్కర్‌కు తెలియలేదు. హజరత్తయ్య పని నిలిచింది. పెంచలమ్మ గుడ్డ తెచ్చి ఇచ్చింది. మౌలా కొలతలు రాసుకున్నాడు కానీ, ఎవరు పంపితే వచ్చిందోనని ఆమె వెళ్లేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు. దారిలో ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వాడా అని వెనక్కి తిరిగి చూడటం అలవాటైంది. అన్ని సినిమాల్లో జనం తనను అనుమానించారు. జనాన్ని అనుమానించడం ఆయనకు డెబ్భై ఆరో ఏట వచ్చింది.

ఇప్పుడు పొద్దున నడకకు నూర్జాన్‌నూ లేపుతున్నాడు.

"నాకు మోకాళ్ల నొప్పులండీ, మీరు పోయి రాండి" అంటుందామె.

"నువ్వూ రా. నా పక్కన సాక్షి ఉండాల."

ఆమె గొణుక్కుంటూ చెప్పులేసుకుంటుంది.